అమ్మ పాట, అబ్బాయి కంప్యూటరు



ఈనాడు కంప్యూటరంటే పసిపిల్లలకూ తెలుసు. అది మొదట మా ఇంట్లోకి ఎలా వచ్చిందో, వస్తూ వస్తూ ఏం పట్టుకుపోయిందో చెబుతాను.

1986 వేసవి. మేము నారాయణఖేడ్‌లో ఉండేవాళ్లం. దుబాయి నుంచి వచ్చిన మా తమ్ముడు మేనల్లుడికని స్పెక్ట్రమ్ అనే చిన్న కంప్యూటరు తెచ్చాడు. 1982లో బ్రిటన్‌లో వెలువడిన యంత్రమది. చూడబోతే రబ్బరు మీటలున్న పలక, అంతే! దానికి తెర లేదు, మన టీవీయే తెర. రాసింది దాచుకునే చోటు లేదు, మన టేప్‌రికార్డరే బీరువా. కేసెట్ పెడితే నాలుగైదు నిమిషాలు కీచురాళ్ల రొద. ఆ రొదే ప్రోగ్రాము! 1983లో బెల్‌గ్రేడ్ రేడియోవారు అలాంటి రొదను ప్రసారం చేస్తే, శ్రోతలు ఇళ్లలో రికార్డు చేసుకుని తమ కంప్యూటర్లలో ఎక్కించుకున్నారట.

ఒక్కో దేశంలో ఒక్కో యంత్రానికి ఆదరణ. బ్రిటన్‌లో స్పెక్ట్రమ్, జపాన్‌లో ఎమ్మెస్సెక్స్. మన దేశంలో ఇళ్లకంటే ముందు బడులకు వచ్చింది. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద 250 పాఠశాలలకు బీబీసీ మైక్రోలు ఇచ్చారు. అందుకే మా వీధి పిల్లలంతా మా వాకిట్లోనే ఉండేవారు.

కరెంటు పోయిందంటే ఆ పలకలో రాసిందంతా మాయం. ఒక సాయంత్రం మా అబ్బాయి, వారం రోజులు కష్టపడి రాసింది "కరెంటు పోతదేమోనమ్మా" అంటూ చేతికందిన కేసెట్‌లో ఎక్కించేశాడు. అది మా అమ్మ పాడిన బతుకమ్మ పాటల కేసెట్. అప్పటికి అమ్మ లేదు. ఇప్పటికీ ఆ కేసెట్ పెడితే పాట మధ్యలో అమ్మ గొంతు ఆగిపోతుంది, కీచురాళ్లు మొదలవుతాయి.

వాడిమీద చెయ్యెత్తాను గాని, తప్పు నాది కూడా. కేసెట్‌మీద పేరు రాసుకోలేదు. దాని వెనుక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ రెక్క విరిచేస్తే మళ్లీ రికార్డు కాదని నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనుకోలేదు. యంత్రాల సంగతి మగపిల్లలకే అనుకున్నాను. మర్నాడు మా అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ పలక ముందు కూర్చుని, "మాకూ నేర్పరా" అన్నాను. ఆ చెరిగిన పాటను గుర్తున్నంతవరకు నేనే పాడి, వేరే కేసెట్‌లో ఎక్కించి, రెక్క విరిచాను.

ఇప్పుడు పాటలూ, ఫొటోలూ అన్నీ ఫోనులోనే. ఆ ఫోనే పోతే? మీ అమ్మగారి గొంతు అందులో ఉంటే ఇవాళే మరోచోట కూడా దాచుకోండి. ఎలాగో తెలియకపోతే పిల్లల్ని అడగండి. "మేం చేసిపెడతాంలే" అంటే ఒప్పుకోకండి. నేర్పమనండి.