వన్స్‌మోరు లేని ఆట

2024 అక్టోబరు 22వ తేదీ రాత్రి విజయవాడ పున్నమి ఘాటు చెంత, కృష్ణానదిపై 5,500 డ్రోనులు లేచి ఆకాశమున విమానమును, జాతీయ పతాకమును చిత్రించినవి. అయిదు గిన్నిస్ రికార్డులు ఆ రాత్రి నమోదైనవి. ఇట్టి ఆటను గట్టున నిలిచి చూచువారికి సహజముగా కలుగు ప్రశ్న యొకటి: ఇన్నింటిని నడుపువాడెవడు?

నడుపువాడు లేడనియే చెప్పవలెను. ఇట్టి ప్రదర్శనలలో ప్రతి డ్రోనునకును దాని దారి, దాని రంగు, దాని క్షణము ముందుగనే వ్రాసి యిత్తురు. ఆట మొదలైన పిదప అది ఉపగ్రహముల వలన తన స్థానమును, కాలమును తెలిసికొనుచు తన పాఠము తాను అప్పగించును. ఆ పాఠము వ్రాయుటయే నేడు మనము ముచ్చటింపదలచిన పని. ప్రదర్శనశాలలలో మాటాడు తెరలు, గోడలపై వెలుగుబొమ్మలు, పాటకు ఆడు నీటి ఫౌంటెనులు కూడ ఇట్టి పాఠముల మీదనే నడచును.

నాటకమాడించిన వారికి ఇది క్రొత్త గాదు. తెర లాగువాడు, దీపము తగ్గించువాడు, హార్మోనియము వాయించువాడు, ముగ్గురును ఒక మాట కొరకు చెవి యొగ్గి యుందురు. రంగస్థలమువారు దానిని క్యూ అందురు. కంప్యూటరునకు వ్రాయునదియు క్యూల పట్టికయే: దీపములు మూడు సెకనులలో తగ్గవలెను, తగ్గిన అర సెకనుకు తెరపై బొమ్మ రావలెను, బొమ్మతోడనే మృదంగము మ్రోగవలెను. ఒక క్యూను గడియారము కదలింపవచ్చును, మనుష్యుడు మీట నొక్కి కదలింపవచ్చును. తలుపు మూసికొనుట వంటి సంగతి జరిగినంతనే దానంతట అది కదలునట్లును వ్రాయవచ్చును. ఏ క్యూను ఎవరి చేతికీయవలెనన్న దానిలోనే నేర్పంతయు నున్నది.

మన తీరమున పద్యనాటకము చూచినవారెరుగుదురు. నటుడు రాగము తీసినంతసేపు హార్మోనియము వెంట నుండును. జనము వన్స్‌మోరనిన పద్యము మరల వచ్చును. గడియారమునకు ఆ మర్యాద తెలియదు. సెకనును 25 భాగములుగా చీల్చి, బొమ్మను ధ్వనిని వెండ్రుకవాసి తేడా లేక కూర్చుట దానికి చేతనగును; చప్పట్లు ఆగువరకు వేచియుండుట చేతగాదు. కావున ఘట్టమునకును ఘట్టమునకును నడుమ మనుష్యుని మీటకై కొంత విరామముంచుట మేలని మా అభిప్రాయము. డ్రోనులకు మాత్రము ఈ సౌకర్యము తక్కువ. వాని బ్యాటరీలు కొలది నిమిషములే నిలుచును.

నదీతీరమున మరియొక చిక్కు కలదు. వెలుగు తత్‌క్షణమే కంటికి చేరును. ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లే నడచును. 1957లో ప్రారంభమైన మన ప్రకాశం బ్యారేజి పొడవు సుమారు 1,223 మీటర్లు. సీతానగరపు కొసన మ్రోగిన తాళము విజయవాడ కొసకు మూడున్నర సెకనులకు గాని చేరదు. ఒకేచోట పెద్ద లౌడ్‌స్పీకరు నుంచినచో, దూరపువారికి బొమ్మ మాయమైన పిమ్మట పాట వినబడును. అందువలన గట్టు పొడవున చిన్న స్పీకర్లుంచి, ఒకదాని ధ్వని వేరొకదానితో ప్రతిధ్వనివలె కొట్టుకొనకుండ కాలమును సవరింతురు.

దీపములకు ఆజ్ఞలు చేరవేయు డి.ఎం.ఎక్స్. పద్ధతి 1986లో ఏర్పడినది. ఒక్క తీగె వెంట 512 అంకెలు, ఒక్కొక్కటి 0 నుండి 255 వరకు, ఎడతెగక పరుగిడును. త్రోవలో అంకె చెడినను దీపమది గుర్తింపలేదు. మరుక్షణమే సరియైన అంకె వచ్చును గనుక ఒక్క మినుకుతో సరిపోవును. బాణసంచా సంగతి అట్లు కాదు. నిప్పంటుకొన్న పిదప దిద్దుబాటు లేదు. అపాయమునకు చోటున్న పనులకు ఆ పద్ధతిని వాడరాదని ఆ ప్రమాణములోనే వ్రాసియున్నది. బాణసంచాకును, కదలు వేదికలకును వేరు తీగె, వేరు తాళపుచెవి, కన్నార్పక చూచు మనుష్యుడు కావలెను. అతని చేతిలోని ఆపు మీట కంప్యూటరు అనుమతికై ఎదురుచూడరాదు.

వరద హెచ్చిన యేండ్లలో దసరా తెప్పోత్సవపు హంసవాహనము నదిలో విహరింపక గట్టుననే నిలిచి పూజలందుకొనుట మనమెరిగినదే. దీపములు వెలుగును, వాద్యములు మ్రోగును, పడవ మాత్రము కదలదు. నదిపై ఆట వ్రాయువారు అట్టి రెండవ పాఠమును గూడ ముందుగనే వ్రాసి, జనము రాకమునుపే ఒకమారు ఆడించి చూచుకొనవలెను.