టమాటా కణములో వైరస్
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన గ్రామమునకు విజ్ఞానము పంచుచున్న ఈ గ్రంథాలయపు పండుగనాడు, మన చేలకు సంబంధించిన విషయమొకటి విన్నవింతును.

టమాటా వేసినవారికి ఆకుముడత తెగులు క్రొత్తది కాదు. ఆకులు చిన్నవై, పైకి ముడుచుకొని, పసుపుబారును, మొక్క గిడసబారును, పూత రాలును. దీనికి కారణము బూజు కాదు, వైరస్. ఇట్టి వ్యాధికారకము జీవకణములలోనే వృద్ధి చెందునని, పొగాకు తెగులును పరిశీలించి, బైజరింక్ అను డచ్చి శాస్త్రజ్ఞుడు 1898లోనే చెప్పెను.

తెల్లదోమ రోగపు మొక్క రసమును పీల్చి, మంచి మొక్కపై వ్రాలి, వైరస్‌ను దాని ఆహారనాళములలో దింపును. అది కణములోని కేంద్రకమును చేరును. టమాటా జన్యుగ్రంథమున దాదాపు 90 కోట్ల అక్షరములు కలవు. మన దేశపు ముడత వైరస్‌లలో ఒకదానికి రెండు వలయములే. ఒక్కొక్కదానిలో సుమారు 2,700 అక్షరములే. ఇంత చిన్న గ్రంథము తనంత తాను ప్రతులు తీసికొనజాలదు. కావున, ప్రతులు తీయుట మానిన ముదురు కణమును మరల మేల్కొల్పి, దాని పనిముట్లతోడనే తన ప్రతులు తీయించుకొనును. కణము శత్రువునకు వెట్టి చేయును! ఆ ప్రతులు కణముల నడుమ సన్నని దారులగుండ ప్రక్కకణములకు, నాళముల వెంట చిగుళ్లకు ప్రాకును. ఆకులో తయారైన చక్కెర సరిగా కదలక, పిండిపదార్థమై అచ్చటనే పేరుకొనును. ఇక చిగురు ఎదుగదు, కాయ పట్టదు.

మొక్కయు ఊరకుండదు. వైరస్ సందేశములను తునుకలుగా కోయు కత్తెర కణమునకు కలదు. కాని ఆ కత్తెరను మొద్దుపరచు మాంసకృత్తులను వైరస్ తయారుచేయించుకొనును.

శత్రువు కణము పనిముట్లలోనే దాగియున్నందున, దానిని చంపి మొక్కను మిగుల్చు మందు రైతునకు లభింపదు. బూజుమందులు చల్లుట వృథావ్యయము. దోమమందు సైతము రోగము సోకిన మొక్కను బాగుచేయజాలదు. నారుమడిపై సన్నని నైలాను వల కప్పుట, చేని చుట్టు జొన్న గాని మొక్కజొన్న గాని దట్టముగా వేయుట, బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క రక్షక్ వంటి తట్టుకొను రకములను ఎన్నుకొనుట, తొలిదశలోనే ముడత మొక్కను పీకి నాశనము చేయుట — ఇవియే మార్గములు. పెంచిన చేతితో పీకుట కష్టమే. కాని దానిని నిలిపినచో దోమలకు అది అక్షయపాత్ర యగును.

తెల్లదోమకు గట్లు లేవు. ఒకరి చేను కాపాడుకొనవలెనన్న ఊరందరును పూనుకొనవలెను. అట్టి ఐకమత్యమునకు ఈ గ్రంథాలయము వేదిక యగుగాక!