ఒడ్డునున్న ఇల్లు



మన హుజూరాబాదు ప్రాంతమునకు సముద్రము లేదు. చెరువు నిండి మత్తడి దుంకినచో అదియే మనకు సముద్రము. లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యపఠనము ఈ గ్రంథాలయము పెట్టిన భిక్ష. ప్రబంధములలోని అష్టాదశ వర్ణనలలో ఒకటిగానే సముద్రమును నేనెరుగుదును. శ్రీనాథుని హరవిలాసమును ఇచ్చటనే చదివితిని. దానిని అంకితమందిన అవచి తిప్పయసెట్టి ఓడ బేరగాడు. అవతారికను మూడు మారులు చదివినను ఓడ నా కంటికి కట్టలేదు.

విశాఖపట్టణమునకు పోయినపుడు ఆ కొరత తీరినది. అచ్చట సముద్రతీరపు బాటమీద డచ్చి బంగళా యని జనులు చెప్పుకొను పాత ఇల్లొకటి కలదు. 1991లో అందులో విశాఖ మ్యూజియమును నెలకొల్పిరి. నగరపాలక సంస్థవారు నడుపుచున్నారు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు పట్టణముపై వేయగా పేలకుండిన బాంబు ఒకటి అందున్నది. పిల్లలందరు దానిచుట్టే మూగిరి. నేను మాత్రము ఓడల నమూనాల యొద్దనే నిలిచిపోతిని.

అప్పుడు నాకు మోటుపల్లి శాసనము జ్ఞప్తికి వచ్చినది. మన పొరుగుననున్న ఓరుగల్లు నేలిన గణపతిదేవుడు 1244లో ఆ రేవున వేయించిన అభయశాసనమది. పూర్వపు రాజులు తుపానుకు కొట్టుకొనివచ్చి ఒడ్డున పడిన ఓడలలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగా హరించెడివారట. గణపతిదేవుడు దానిని మాన్పించి, నియమితమైన సుంకమును మాత్రమే గైకొందునని వర్తకులకు అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు. లెక్కలవాడను గనుక నాకీ భాగము మిక్కిలి రుచించును. ప్రాణములకు తెగించి వచ్చినవానికి, తనవద్ద ఏమి తీసికొందురో రాతిమీద ముందే కనబడుచున్నది గదా!

ఇదంతయు మనకెందుకని మీరడుగవచ్చును. మన జిల్లానుండి సముద్రము దాటినవారు తక్కువవారా? మస్కటుకో దుబాయికో మనిషి పోని వాడ మనలో అరుదు. మా పెద్దన్న మస్కటులో పనిచేసిన కాలమున, ఆయన పంపిన ప్రతి డ్రాఫ్టును తేదీతోసహా నా పుస్తకములో జమ కట్టితిని. ఉత్తరములను మా వదినెకు చదివి వినిపించి అటకమీద పడవేసితిని. చెదలు తినివేసినవి. అన్న గతించిన పిదప ఒకనాడు వదినె, ఆయన వ్రాసిన మొదటి ఉత్తరమును మరల చదువుమన్నది. జమపద్దులు తప్ప నావద్ద ఏమియు లేకపోయెను.

విశాఖవారికి ఒక పాత ఇల్లు చాలినది. మనకు ఒక అర చాలును. కార్యవర్గమువారు వెనుకగదిలోని బీరువాలో పై అరను ఖాళీచేసి యిచ్చెదమన్నారు. మీ యిండ్లలో అట్టి ఉత్తరములు, పాత పాస్‌పోర్టులు, రేకుపెట్టెలమీది చీటీలు ఉన్నచో తెచ్చి యిండు. ప్రతిదానికిని రశీదు నేనే వ్రాసి యిచ్చెదను.