గోధుమ మొలకల సాక్ష్యం

(సంఘ కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన తరగతిలో మీలో ఒకరు అడిగిన ప్రశ్నకు మేము ఆనాడు సరిగా జవాబు చెప్పలేకపోయాము. "మనిషికంటే నమ్మకం వల్ల నయమైందంటారు. మొక్కకు నమ్మకమేమిటి? హోమియో మందు మొక్కల మీద పనిచేసిందట గదా, గేదె మీద ఎందుకు చేయదు?" అన్నారాయన. మంచి ప్రశ్న. చదివి వచ్చాము.

మన వైపు ఈ ప్రశ్న రావడం సహజమే. గుడివాడలో 1945 నుంచి హోమియో కళాశాల ఉన్నది. రాజమండ్రిలోని కళాశాలకు పాలకొల్లువారు, నటుడు, స్వయంగా హోమియో వైద్యులు అయిన అల్లు రామలింగయ్య గారి పేరు పెట్టారు. తెల్ల మాత్రల సీసా మా ఇళ్ళలోనూ ఉన్నది.

ఇక ప్రయోగం సంగతి. ఇటలీలో బొలోన్యా విశ్వవిద్యాలయంవారు గోధుమ గింజలను పాషాణం కలిపిన నీటిలో నానబెట్టారు. గింజ చావదు గాని మొలక గిడసబారుతుంది. అటువంటి మొలకలలో కొన్నింటికి మామూలు నీరు, కొన్నింటికి అదే పాషాణాన్ని పదింతల చొప్పున 45 సార్లు పలుచన చేసి కుదిపిన హోమియో మందు పోశారు. మందు పోసినవి బాగా ఎదిగాయని 1997లో ప్రకటించారు. తరువాత పొగాకు ఆకు ముక్కలకు మొజాయిక్ తెగులు అంటించి ఇదే మందు వాడి, మచ్చలు తగ్గాయని 2003లో వ్రాశారు. 1947 నుంచి పొగాకు పరిశోధన జరిగిన రాజమండ్రిలో కూర్చుని వింటే ఆసక్తి కలుగుతుంది గదా!

అయితే 45 సార్లు అంటే ఏమిటో చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరిలో ఒక చుక్క వేసి అంతర్వేది దగ్గర చెంబుతో ముంచుకున్నా ఇంత పలుచన కాదు. సుమారు 24వ మెట్టు దాటేసరికి అసలు పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం లేదని రసాయన శాస్త్రం చెబుతుంది. కుదుపులో గుణం నిలుస్తుందని హోమియోవారు అంటారు. మాటలతో తేలేది కాదు, మళ్ళీ చేసి చూడవలసిందే.

చేశారు. స్విట్జర్లాండులో మరొక బృందం అదే గోధుమ ప్రయోగాన్ని తిరిగి చేసి 2005లో ఫలితం ప్రకటించింది. అక్కడ మందు పోసిన మొలకలు ఎక్కువ ఎదగలేదు సరిగదా, కొంచెం తక్కువ ఎదిగాయి! హోమియో అంటే గిట్టనివారు చేసిన పని కాదిది. ఆ వైద్యంపై ఆసక్తితోనే పరిశోధన చేసేవారు. తమకు అనుకూలం కాని ఫలితాన్ని దాచకుండా అచ్చువేసినందుకు వారిని మెచ్చుకోవాలి.

వారు పాటించిన జాగ్రత్త ఒకటి మీకు వెంటనే అర్థమవుతుంది. ఒకే క్యాను పాలను పన్నెండు బ్యూటిరోమీటర్లలో పోసి తిప్పండి. వెన్న శాతం పన్నెండింటిలోనూ ఒక్కటే రాదు. ఆ తేడా పాలది కాదు, మన పరీక్షది. అది ఎంతో తెలియకుండా రామయ్య పాలకు, సోమయ్య పాలకు కొద్దిపాటి తేడా ఉన్నదని తగవు పడితే తేలదు. వారూ అంతే: అన్ని మొలకలకూ ఒకే నీరు పోసి, ఉత్త నీటికే ఎంత తేడా వస్తుందో ముందు కొలిచారు. ఏ సీసాలో ఏమున్నదో కొలిచేవారికి తెలియనివ్వలేదు. మార్టేరులో ఒక వరి రకాన్ని ఒక్క మడిలో చూసి విడుదల చేయరు గదా, ఇదీ అటువంటిదే.

నీటి మీద తేలే చిన్న ఆకుల మొక్కకు పాషాణం పెట్టి చేసిన ప్రయోగంలో కొన్ని పలుచనలకు ఎదుగుదల కాస్త పెరిగిందని 2010లో వచ్చింది. ఇది జాగ్రత్తగా చేసిన పనే. కాని ఒకచోట పెరిగి మరొకచోట తగ్గేదాన్ని నమ్మి పాడి నడపలేము. రుజువైందన్న మాట మేము ఒప్పుకోము.

మాకు ఈ పట్టింపు ఎందుకంటే, మా ఎరుకలోనే ఒక ఇంట్లో తొలిచూరు గేదెకు పొదుగు వాచింది. నాలుగు రోజులు మాత్రలతో గడిపారు. మేము వెళ్ళేసరికి పాలలో గడ్డలు, చీము. ఒక చన్ను శాశ్వతంగా పోయింది. ఆ ఇల్లాలు, "మొక్కలకు పనిచేసిందన్నారండీ" అన్నది. ఆమెను ఏమనగలము? ఆ మాట ఆమెకు చేరిందిగాని, 2005 నాటి సంగతి చేరలేదు. పొదుగు వాపులో తొలి పూటే విలువైనది. మాత్రలు వేసుకుంటే వేసుకోండి, పశువైద్యునికి కబురు మాత్రం ఆ పూటే వెళ్ళాలి.

ఇంకా అనుమానమున్నవారు మీ సంఘంలోనే చూడవచ్చు. ఉప్పునీటిలో నానిన వడ్లు గ్లాసుల్లో మొలకెత్తించండి. సగానికి మందు, సగానికి నీరు. గ్లాసులకు అంకెలు వేసేది సెక్రటరీగారు, స్కేలుతో కొలిచేది టెస్టరు. చీటీ మాత్రం కొలత పూర్తయ్యేదాకా బీరువాలో ఉండాలి. ఒకసారి కాదు, మూడుసార్లు చేసి కాగితాలు మాకు పంపండి.