పిల్లల రాతకు రెండో పాఠకుడు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల బళ్లలో తెలుగు, ఇంగ్లిషు చెప్పే టీచర్లతో ఈ పూట కొంచెంసేపు మాట్లాడాలని వచ్చాను. పిల్లల తల్లిదండ్రులు కూడా వింటే మరీ మంచిది.

మన బళ్లలో పిల్లలు రాసే వ్యాసాన్ని ఎవరు చదువుతారు? టీచరు ఒక్కరే. అదీ తప్పుల కోసమే చదువుతారు. ఎర్రసిరాతో సున్నాలు చుట్టి, అడుగున సంతకం పెట్టి ఇచ్చేస్తే ఆ నోటుబుక్కు మూతపడుతుంది. రాసిన పిల్ల కూడా దాన్ని మళ్లీ తెరవదు. ఇలా కొన్నేళ్లు గడిచాక ఆ పిల్లకు బాగా అలవాటయ్యేది తప్పించుకోవడం. తనకు తెలిసిన సంగతి తన మాటల్లో రాస్తే ఎక్కడ తప్పు దొర్లుతుందోనని గైడులో ఉన్న వాక్యాన్ని దించేస్తుంది. పదికి ఎనిమిది మార్కులు వస్తాయి. మాట మాత్రం తనది కాదు.

తరగతిలోకి బ్లాగునూ వికీనీ తెచ్చుకోండని నేను అడుగుతున్నది ఇందుకే. బ్లాగు అంటే పిల్లలు రాసినది నెట్‌లో పెట్టి, చదివినవాళ్ల వ్యాఖ్యలు అందుకునే చోటు. వికీ అంటే అందరూ కలిసి రాసి, ఒకరిది ఒకరు దిద్దుకునే పేజీలు. కంప్యూటర్ నేర్పడం దీని ఉద్దేశం కాదు. టీచరు కాక ఇంకొకరు కూడా నా రాత చదువుతారన్న నమ్మకం పిల్లలకు కలగాలి. చదివినవాళ్లు ఏదో ఒకటి అడుగుతారు. ఆ అడిగినదానికి జవాబు కోసం పిల్ల రెండోసారి రాస్తుంది. భాష పట్టుబడేది ఆ రెండోసారి రాతలోనే.

ఇది ఇంటర్నెట్‌తో పుట్టిన ఆలోచన కూడా కాదు. 1924లో ఫ్రాన్సులోని బార్ సుర్ లూ అనే ఊరి బడిలో సెలెస్టిన్ ఫ్రెనే అనే టీచరు ఒక చిన్న అచ్చుయంత్రం తెచ్చి తరగతిలో పెట్టాడు. పిల్లలు తమ సంగతులు తామే రాసి, అక్షరాలు పేర్చి, అచ్చు వేసి, దేశానికి ఆ కొసన సముద్రం పక్కనున్న బ్రిటనీ ప్రాంతపు బడికి పంపేవాళ్లు. అక్కడి పిల్లలు తమ కబుర్లు పంపేవాళ్లు. ఒకరి ఊరు ఇంకొకరికి తెలియదు గనక విడమరచి చెప్పక తప్పేది కాదు. నల్లమలలో మన్ననూరు పిల్లలకూ నడిగడ్డలో తుంగభద్ర ఒడ్డున అలంపురం పిల్లలకూ మధ్య అలాంటి రాకపోకలు ఎందుకు ఉండకూడదు? నడిగడ్డ పిల్లలకు అడవి గురించి అడగాల్సినవి ఎన్నో ఉంటాయి. అడవి పిల్లలకు కృష్ణా, తుంగభద్రల నడుమ బతుకు ఎలా ఉంటుందో వినాలని ఉంటుంది. రెండు బళ్లు కలిసి ఒక బ్లాగు పెట్టుకుంటే చాలు.

మన నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. నడిగడ్డలోని ఇటిక్యాలపాడు సొంతూరుగా గల సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాట వచ్చినప్పుడు ఆయన జవాబు వ్యాసాలతో సరిపెట్టుకోలేదు. మీ పద్యాలు, మీ వివరాలు పంపండని కవులనే అడిగారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. ఒక్క మనిషి ఒక గదిలో కూర్చుని రాయగలిగిన పుస్తకం కాదది. ఎవరి ఊళ్లో వాళ్లకు తెలిసినది వాళ్లు పంపితే, ఒకచోట చేర్చి, సరిచూసి నిలబెట్టినది. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు వెళ్లినదీ ఆయనే. మన పిల్లలకు వికీ అంటే ఏమిటో చెప్పాలంటే నేను ఈ సంచిక దగ్గరే మొదలుపెడతాను.

ఇప్పుడు అసలు వికీ సంగతి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వెన్న నాగార్జున చేతుల మీదుగా మొదలైంది. ఇవాళ అందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి, ఎక్కువ భాగం జీతం లేని చేతులు రాసినవి. మన మూడు జిల్లాల ఊళ్లలో చాలావాటికి అక్కడ పేజీలున్నాయి. తెరిచి చూడండి. 2011 జనగణన నాటి జనాభా, ఇళ్లు, బడులు, సాగు భూమి, నీటి వసతి. లెక్కలు ఉంటాయి, ఊరు ఉండదు. ఆ పేజీని ఎనిమిదో తరగతి పిల్లల ముందు పెట్టి ఒక్కటే అడగండి: ఇందులో మన ఊరిది ఏది లేదు? ఏది మారిపోయింది? 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ఈ జిల్లాలు విడివడ్డాక మండలం, జిల్లా సరిగా ఉన్నాయా? చదవమంటే చదవని పిల్లలు, తప్పు పట్టమంటే ప్రతి వాక్యాన్నీ పట్టి పట్టి చదువుతారు.

అయితే వెంటనే వికీపీడియాలో రాయించకండి. అక్కడ అచ్చయిన ఆధారం లేని మాట నిలవదు. మా అవ్వ చెప్పింది అంటే ఒప్పుకోరు. కొత్తగా చేరిన పిల్ల రాసినది గంటలో తీసేస్తే ఆ పిల్ల మళ్లీ కలం పట్టదు. ముందు తరగతికి సొంత వికీ ఉండాలి. అవ్వ చెప్పిన మాటకు అక్కడ చోటుంటుంది. ఏ అవ్వ, ఎప్పుడు చెప్పిందో రాస్తే అదే ఆధారం. వికీపీడియా వంతు ఏడాది చివర్లో వస్తుంది, అదీ టీచరు పక్కన కూర్చుని, పుస్తకం చేతిలో పెట్టుకుని.

తరగతి వికీలో పని ఎలా సాగుతుందో ఒక పేజీతో చెబుతాను. గద్వాల చీర అనుకుందాం. చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే ఒకదానిలో ఒకటి అల్లి కలుపుతారు. నేత ఇంటి పిల్లకు ఇది కళ్లకు కట్టినట్టు తెలుసు. కానీ రాయమంటే, గద్వాల చీరలు ప్రపంచ ప్రసిద్ధి చెందినవి అని మొదలుపెడుతుంది, ఎందుకంటే పుస్తకాల్లో అలాగే ఉంటుంది. పేరు పక్కన వదిలిపెట్టి, పని చెప్పమనండి. పడుగు ఎలా తోడతారు, పేక ఎటు నుంచి వస్తుంది, అంచు దగ్గర నాడె ఏం చేస్తుంది. ఆ పిల్ల నాలుగు వాక్యాలు రాస్తుంది. పక్కనున్న పిల్లవాడు చర్చ పేజీలో అడుగుతాడు: నాడె అంటే ఏమిటి? చూడనివాళ్లకు ఎలా అర్థమవుతుంది? ఆమె ఇంకో రెండు వాక్యాలు కలుపుతుంది. ఇంకొకరు వచ్చి ఒత్తు సరిచేస్తారు. ఏ వాక్యం ముందు, ఏది వెనుక అని ఇద్దరికి మాటపట్టింపు వస్తుంది. రానివ్వండి. ఎందుకు మార్చావో ఒక్క వాక్యంలో రాయమనడం వికీలో ఉన్న గొప్ప నియమం. మర్యాదగా కాదనడం, కారణం చెప్పి ఒప్పించడం, ఒప్పుకుని తగ్గడం: ఈ భాష మన పరీక్షల్లో ఎక్కడా లేదు, బతుకులో మాత్రం రోజూ కావాలి.

వికీలో పాత రాతలన్నీ భద్రంగా ఉంటాయి. ఎవరైనా చెరిపేసినా ఒక్క నొక్కుతో వెనక్కి వస్తాయి. పిల్లల భయం తగ్గడానికి ఇది ఎంత పనిచేస్తుందో మాటల్లో చెప్పలేను. మార్కులు వేయాల్సి వస్తే చివరి రాతకు వేయకండి. మొదటి రాతనూ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, నడిచిన దూరానికి వేయండి. దిద్దేటప్పుడు ఒక వారం ఒక రకం తప్పునే పట్టుకోండి. ఈ వారం ఒత్తులు, వచ్చే వారం ల, ళ. అన్నీ ఒకేసారి పడితే పేజీ మొత్తం ఎర్రబడి, మళ్లీ ఆ పాత నోటుబుక్కే అవుతుంది.

మరి బ్లాగు దేనికి? ఇంటి మాటకు. మన పిల్లలు ఇంట్లో మాట్లాడేది పాలమూరు తెలుగు. లంబాడా తండాల పిల్లలకు ఇంట్లో గోర్ బోలి, తెలుగు బడికి వచ్చాక నేర్చుకునే భాష. రాయచూరు వైపు ఊళ్లలో కన్నడం కూడా వినిపిస్తుంది. బ్లాగులో పిల్ల తన పేరాను తన ఇంటి మాటలోనే రాయనివ్వండి, గోర్ బోలిని తెలుగు అక్షరాల్లో రాసినా సరే. కింద రెండు వాక్యాల్లో మిగతావాళ్లకు అర్థమయ్యేలా చెబితే చాలు. వికీలో మాత్రం అందరికీ తెలిసే రాత భాష. రెంటికీ మధ్య అటూ ఇటూ నడవగలిగిన పిల్లకు ఏ భాష అన్నా బెదురు ఉండదు. ఇంటి మాటను తప్పని కొట్టేసే టీచరు మీద నాకు గౌరవం ఉంది, ఆ పద్ధతి మీద మాత్రం లేదు.

ఇంగ్లిషు సంగతి. 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిషు మీడియం వచ్చింది, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. సింపుల్ ఇంగ్లిష్ వికీపీడియా అని ఒకటి ఉంది, చిన్న వాక్యాలు, తేలిక మాటలు. కృష్ణా నది గురించి అక్కడా, తెలుగు వికీలోనూ చదివించి, వాటిని మూసి, ఈ నదిని చూడని ఇంకో రాష్ట్రపు పిల్లకు ఐదు వాక్యాలు రాయమనండి. అనువాదం మాత్రం చేయించకండి. 2009 తర్వాత కొన్నేళ్లు గూగుల్ పనిముట్లతో చేసిన అనువాద వ్యాసాలు తెలుగు వికీలో పెద్ద సంఖ్యలో చేరాయి. ఆ కృతక తెలుగును సరిచేయలేక అక్కడి వాళ్లు ఏళ్ల తరబడి అవస్థ పడ్డారు. ఇప్పుడు ఫోనులో ఏఐని అడిగితే క్షణంలో వ్యాసం వచ్చేస్తోంది. అలాంటి పేరా ఒకటి బోర్డు మీద రాసి, మన ఊళ్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా అని అడగండి. పిల్లలే దాన్ని విప్పి మళ్లీ రాస్తారు.

మా బడిలో నెట్ లేదు కదా అంటారు. తరగతి వికీ కోసం డోకువికీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, అది పెన్‌డ్రైవ్‌లోంచే నడుస్తుంది, ఒక్క కంప్యూటర్ ఉంటే చాలు. కివిక్స్ అనేదానితో తెలుగు వికీపీడియాను ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా చదవచ్చు. టైపింగ్ రానివాళ్లు ఫోనులో మాట్లాడి రాయించవచ్చు, కాకపోతే అది మన యాసను విని తనకు తోచిన మాట వేస్తుంది. అందుకని ముందు కాగితం, తర్వాతే తెర. ముగ్గురు పిల్లల జట్టులో టైపు చేసేవాళ్లు ప్రతిసారీ మారాలి. లేకపోతే ఇంట్లో ఫోను ఉన్న పిల్లే అంతా రాసేస్తుంది.

ఒక విషయంలో మాత్రం మెత్తబడకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. ఫొటోలు వద్దు, ఇంటిపేర్లు వద్దు, ఫోను నంబర్లు అసలే వద్దు. ప్రతి పిల్లకూ ఒక కలం పేరు పెట్టండి, సంబరపడి పెట్టుకుంటారు. ఖాతా టీచరు చేతిలో ఉండాలి. బ్లాగును ఆహ్వానించినవాళ్లే చదివేలా, ప్రతి వ్యాఖ్యా మీరు చూశాకే పడేలా పెట్టుకోవచ్చు. పెట్టుకోండి.

సెప్టెంబరు 9 ప్రజాకవి కాళోజీ పుట్టినరోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ రోజుకు ఒక్క పేజీ పూర్తయితే చాలు. సీడ్ పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పనికి పిల్లలు పోవడంతో హాజరు పడిపోయే గద్వాల వైపు ఊళ్లలో దాన్ని నవంబరుకు జరపండి. ఆ పనికి పోయి ఆలస్యంగా వచ్చిన పిల్లలకు పేజీలో ఇంకా చోటు ఉండాలి, వాళ్లు వచ్చాకే దాన్ని ముగించండి. మొదటి పేజీకి కోట వద్దు, గుడి వద్దు. వాటి గురించి దించుకోవడానికి చాలా దొరుకుతుంది. ఊరి చెరువు, వారపు సంత, బడికి వచ్చే దారి, ఎక్కడా రాసి లేనిదేదైనా తీసుకోండి. పూర్తయ్యాక ప్రింటు తీసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించి, పక్కనే ఒక పెన్ను దారంతో కట్టి వేలాడదీయండి. ఫోను లేని పెద్దవాళ్లు చదివి, తూము పేరు తప్పు, సంత ఆ రోజు కాదు అని పక్కన రాస్తారు. పిల్లలు ఆ కాగితం తెచ్చుకుని మళ్లీ దిద్దాలి.