మన సింహాద్రిపురం పద్మనాభం
(రాయచోటిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల మాట పక్కనబెట్టి ఈ పూట కాస్త నవ్వించే మనిషి గురించి చెప్పమన్నారు కార్యదర్శిగారు. రేలంగి, అల్లు రామలింగయ్య, రాజబాబు అందరూ గోదావరి వైపువాళ్ళే. కరువు సీమలో హాస్యమెక్కడిది అనేవాళ్ళకు నేను చెప్పే పేరొకటుంది. బసవరాజు వెంకట పద్మనాభరావు, అంటే మన పద్మనాభం. 1931 ఆగస్టు 20న పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో పుట్టారు.

చిన్నతనంలోనే నాటకాల పిచ్చి. మద్రాసు చేరి కన్నాంబ, కడారు నాగభూషణం దంపతుల సంస్థలో చోటు సంపాదించారు. 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజప ఆయనే. ఎస్.వి.రంగారావు అంతటి విగ్రహం పక్కన ఆ పొట్టి మనిషి నిలబడితేనే జనానికి నవ్వొచ్చేది. తర్వాత గీతాంజలితో జంటగా ఎన్ని వేషాలు వేశారో మీకందరికీ తెలుసు.

అంతటితో ఊరుకుని ఉంటే ఆయన జీవితం హాయిగా గడిచేదేమో. కానీ వేషాలతో వచ్చిన డబ్బు తీసుకెళ్ళి సినిమాలు తీయడంలో పెట్టారు. రేఖా అండ్ మురళి ఆర్ట్స్ పేరున 1965లో ఎన్.టి.రామారావు, సావిత్రిలతో 'దేవత' తీశారు. అది బాగా ఆడింది. మరుసటేడు 'పొట్టి ప్లీడరు'లో ఆ ప్లీడరు తానే అయ్యారు. నేనది టూరింగు టాకీసులో నేలమీద కూర్చుని చూశాను. మా పక్కన కూర్చున్న ముసలాయన నవ్వలేక దగ్గు తెచ్చుకుని బయటికి పోయి, దగ్గు తగ్గాక మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

1967లో వచ్చిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సంగతి మాత్రం కొంచెం నిదానంగా చెప్పాలి. సంగీత దర్శకుడు ఎస్.పి.కోదండపాణి ఒక ఇంజనీరింగు చదివే కుర్రవాణ్ణి తెచ్చి పాడిస్తానన్నారు. సుశీల, పి.బి.శ్రీనివాస్, రఘురామయ్యలాంటి ఉద్దండులతో కలిసి పాడే పాట అది. 1966 డిసెంబరు 15న రికార్డింగు జరిగింది. ఆ కుర్రవాడే ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. కుర్రవాడు తడబడితే చెడిపోయేది నిర్మాత డబ్బే గదా! ఆ ధైర్యం చేసింది మన సీమ మనిషని మనం గట్టిగా చెప్పుకోం.

ఇంకొకటి. 1970లో స్వయంగా దర్శకత్వం వహించి, వాణిశ్రీ మొల్లగా 'కథానాయిక మొల్ల' తీశారు. రామాయణం రాసిన ఆ కుమ్మరి ఇంటి ఆడబిడ్డది మన బద్వేలు దగ్గరి గోపవరమని మనవాళ్ళ నమ్మకం. నవ్వించే మనిషికి ఈ గంభీరమైన కథ ఎందుకని అడిగినవాళ్ళుంటారు. దానికి రాష్ట్ర ప్రభుత్వం బంగారు నంది ఇచ్చింది.

నందితో అప్పు తీరదు. ఆ తర్వాత తీసినవాటిలో నష్టాలొచ్చి, అప్పుకోసం చిత్రాలు తాకట్టు పెట్టి, వాటి హక్కులే చేజార్చుకున్నారు. మనలోనూ కమ్యుటేషన్ సొమ్మంతా కొడుకు వ్యాపారంలో పెట్టినవాళ్ళున్నారు, ముందు వరుసలోనే నవ్వుతున్నారు! అయినా మనకు ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్టు ఇస్తే నెలనెలా ఇంత బ్యాంకులో పడుతుంది. వేషగాడికి ఏ ట్రెజరీ ఉంది? మనం యాభై ఎనిమిదికో అరవైకో ఇంటికొచ్చేశాం. ఆయన డెబ్బై మూడేళ్ళ వయసులోనూ రంగు పూసుకుని 2005లో వచ్చిన 'చక్రం'లో కనిపించారు. 2010 ఫిబ్రవరి 20న చెన్నైలో కన్నుమూశారు.

ఈ మధ్య మనవడి ఫోనులో 'పాతాళభైరవి' పెట్టించుకున్నాను. సదాజప రాగానే వాడు పడీపడీ నవ్వాడు. "తాతా, ఎవరీయన?" అని అడిగాడు. "మన పక్క తాలూకా ఆయనేరా" అన్నాను.