ఆ రెండేళ్ళ లెక్క ఏదీ?

ఒకప్పుడు నా విజిల్‌కి ఉలిక్కిపడి ఇవాళ ప్రొఫెసర్లుగా ముందు వరుసలో కూర్చున్నవారికి నమస్కారం.

ఒత్తిడి, వ్యాయామం మీద జరిగే ఇలాంటి సభలో అధ్యక్షుడు రంగాన్నంతా సమీక్షించడం ఆనవాయితీ. హాన్స్ సెల్యే 1936లో ‘నేచర్’ పత్రికకు రాసిన చిన్న లేఖతో మొదలుపెట్టి, లాజరస్, ఫోక్‌మన్‌ల మీదుగా ఇవాళ్టికి రావాలి. ప్రతి థీసిస్ రెండో అధ్యాయంలోనూ ఆ ప్రయాణం ఉంది కాబట్టి మిమ్మల్ని మళ్ళీ నడిపించను. నిర్వాహకులు పంపిన పత్ర సారాంశాలు మాత్రం అన్నీ చదివాను. నా వయసులో అదీ వ్యాయామమే.

చాలా పత్రాలది ఒకే అచ్చు. మొదటి సంవత్సరం విద్యార్థులను పోగుచేసి, కోహెన్ బృందం 1983లో తయారుచేసిన ఒత్తిడి స్కేలు ఒకటి, శారీరక శ్రమ గురించి అడిగే ఐపాక్ చిన్న ఫారం ఒకటి చేతికిస్తారు. ఆడేవాళ్ళకి ఒత్తిడి తక్కువని తేలుతుంది. తేలకేం! మనసు బాగున్నవాడే గ్రౌండుకి వస్తాడు. మిడ్ పరీక్షలో దెబ్బతిన్నవాడు గదిలో ముసుగుతన్ని పడుకుంటాడు. ఏది ముందో ఏది వెనకో ఒక్కసారి నింపించిన ఫారం చెప్పదు. పైగా ఒక స్కేలు గడచిన నెల సంగతి అడుగుతుంది, రెండోది గడచిన ఏడు రోజుల సంగతి. వచ్చిన రెండు అంకెలనూ జోడించి ‘జీవనశైలి’ అని పేరు పెట్టేస్తున్నాం.

జొనాథన్ బ్రౌన్ 1991లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన పని చూడండి. వ్యాయామం చేస్తున్నారా అని అడిగి ఊరుకోలేదాయన, శరీర దారుఢ్యాన్ని కొలిచాడు. జబ్బు చేసిందా అని అడిగి ఊరుకోలేదు, ఆరోగ్య కేంద్రం రికార్డులు తీయించాడు. జీవితంలో కష్టాలు ఎక్కువైనా, దారుఢ్యం ఉన్నవాళ్ళు ఆ కేంద్రం గడప ఎక్కడం పెద్దగా పెరగలేదు. మన దగ్గర కొలిచే ఓపిక ఎవరికుంది? ఫారం జిరాక్స్ తీయించడం సులువు.

ఇక నా ప్రశ్న. నన్ను చూడగానే ‘ఇంటర్ మాస్టారొచ్చారు’ అనుకునేవాళ్ళు ఈ హాల్లో ఉన్నారని తెలుసు. అయినా అడుగుతాను. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో చేరిన కుర్రవాడు అంతకుముందు రెండేళ్ళు ఏంచేశాడు? పదో తరగతి అయిన మర్నాటి నుంచి ఎంట్రన్స్ పరీక్ష దాకా, తెల్లారకముందు ఒక స్టడీ అవర్, రాత్రి భోజనాలయ్యాక ఇంకొకటి. కాలేజీ అంటే గ్రిల్స్ బిగించిన ఒక బహుళ అంతస్తుల భవనం. ఆటస్థలం అంటే ఆ భవనం కింది పార్కింగు. శిక్షణ ఆపిన కొద్ది వారాలకే గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం తగ్గుతుందని వ్యాయామ విద్య చదివే మన బి.పి.ఎడ్. పిల్లలకి కూడా తెలుసే! మరి రెండేళ్ళు ఆపితే? అలాంటివాణ్ణి సెప్టెంబరులో నిలబెట్టి కూపర్ 12 నిమిషాల పరుగు పెట్టమంటాం. రెండో రౌండుకే గుండె దడ, కళ్ళ ముందు చీకట్లు. వైవాలో వచ్చే దడా, పరుగులో వచ్చే దడా ఒకటే గుండె కొట్టుకోవడం. పరుగు అలవాటైనవాడికి ఆ దడ పరిచయమే, వాడు జడవడు. అలవాటు తప్పినవాడికి రెండూ ప్రమాద ఘంటికలే. నన్నడిగితే మొదటి ఏడాది ఒత్తిడిలో పెద్ద వాటా అక్కడుంది. మన ఫారాల్లో దానికి ఒక్క గడి లేదు.

ఇంకో చిక్కు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 17 ఏళ్ళ వరకు రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ, అంటే వారానికి 420. 18 నిండితే వారానికి 150 నుంచి 300. మొదటి ఏడాది విద్యార్థి సరిగ్గా ఈ గీత మీద నిలబడతాడు. ఈ సారాంశాల్లో అందరికీ 150 గీతే గీశారు. వారానికి 160 నిమిషాలు కదిలిన పదిహేడేళ్ళ పిల్ల పట్టికలో ‘చురుకైన’ గడిలోకి వెళ్ళిపోయింది. ఆ పిల్ల ఎప్పుడు కదిలిందో కూడా చూడండి. సాయంత్రం గ్రౌండంతా మగపిల్లలది. చీకటి పడేలోగా ఆడపిల్లల హాస్టల్ గేటు మూస్తారు. ఆమె నడక హాస్టల్ మేడ మీద, ఆరేసిన బట్టల మధ్య.

మనస్తత్వశాస్త్రం వైపు నుంచి ఒక మిత్రుడు ప్రతి సభలోనూ నా మీదికి బార్కీ, మోర్గన్‌ల 1978 పత్రం విసురుతారు. వ్యాయామం, ధ్యానం, కుర్చీలో ఊరికే కూర్చోవడం, మూడింటికీ ఆందోళన ఒకేలా తగ్గిందని అందులో ఉంది. ఒక్క పూట ఫలితంగా నాకు అభ్యంతరం లేదు. ఆ నిశ్శబ్దమైన కుర్చీ మన హాస్టల్లో ఎక్కడ దొరుకుతుందో వారు చూపించాలి. యోగా మిత్రులకూ ఒక మనవి. జూన్ 21న ఫొటో దిగండి, కాదనను. ఆరు వారాల శిక్షణ అని రాసినప్పుడు మాత్రం పోల్చడానికి ఇంకో గుంపును కూడా పెట్టండి. సెమిస్టర్ పరీక్షలు అయిపోతే ఎవరి ఒత్తిడైనా తగ్గుతుంది.

ఇక ఆదేశాల సంగతి. విశాఖలో మరణించిన నీట్ విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు, 100 మంది, ఆపైన విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలంది. మంచిదే. మరి ఫిజికల్ డైరెక్టర్ (పి.డి.) రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగా ఉన్న కాలేజీలెన్నో మనలో ఎవరైనా లెక్కవేశారా? ఎ.ఐ.సి.టి.ఇ. మూడు వారాల ఇండక్షన్‌లో శారీరక శ్రమ కూడా ఉండాలంది. ఆ గంటలో సెమినార్ హాల్లో కూర్చోబెట్టి వ్యక్తిత్వ వికాసం చెబుతున్నారు.

ఒక్కటి చెప్పనివ్వండి. 1959–60లో జాతీయ శారీరక సామర్థ్య పరీక్షలు మొదలయ్యాక పాత పి.డి.లు పరుగు, దూకుడు, గుండు విసురు కొలతలన్నీ రిజిస్టర్లకెక్కించారు. నేను కొత్తగా చేరిన ప్రభుత్వ కాలేజీలో మా పెద్ద సారు సున్నం గీతలు తానే గీసి, స్టాప్‌వాచ్ మెడలో వేసుకుని, ఒక్కొక్కరి సమయం గుండ్రటి చేతిరాతతో రాసేవారు. రాసేవరకు ఎవరినీ మంచినీళ్ళకి పోనిచ్చేవారు కాదు. అలాంటి రిజిస్టర్లు ఎన్నో స్టోరు రూముల్లో చెదలకి మేతవుతున్నాయి. ఇంటర్ రెండేళ్ళూ గదిలో గడపని తరం మొదటి ఏడాదిలో ఎంత పరిగెత్తిందో చెప్పేది అవే. వాటి మీద పిహెచ్.డి. చేస్తానన్న పిల్లాణ్ణి, ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ రాదు’ అని ఒక గైడు గారు తిప్పి పంపారు. ఆ గైడు గారు ఎవరో నేను చెప్పను, వారే చప్పట్లు కొట్టకుండా కూర్చుంటారు.

పత్ర సమర్పకులందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను: మీ విద్యార్థులు ఇంటర్‌లో ఏ పూటైనా ఆడారా? అడగలేదన్నవారికి రెండు నిమిషాలు కోత. గంట నా చేతిలోనే ఉంది. మొదటివారు రండి.